పాత గొంతులు, కొత్త తెరలు

పేరుమోసిన పాత గాయకులు టెలివిజన్ వేదికమీదికి మళ్ళీ వచ్చి తమ పాత పాటలు పాడటం మంచిదా, కాదా అనే వాదం మన ప్రాంతంలో కొల్లేటి చాంతాడులాగా సాగుతూ వస్తున్నది. ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని, కైకలూరు చుట్టుపట్ల గ్రామాలలో గాని పాట వినే అలవాటున్న నలుగురు ఒకచోట చేరితే ఈ మాట రాక మానదు. ఇది పనిలేనివాళ్ళ కాలక్షేపమని తోసిపుచ్చటం పొరపాటు. ఇందులో మూడు పెద్ద ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. వృద్ధాప్యంలో కళాకారుడికి పనిచేసే హక్కున్నదా? విన్నదాన్ని గురించి నిజం చెప్పే హక్కు శ్రోతకున్నదా? అసలు పాట ఎవరి సొత్తు?

ముందుగా వాదించేవారి మాటలు చూద్దాం. ఒక పక్షంవారు ఇట్లా అంటారు: "ఆ గొంతు మనకు తెలిసిన గొంతు కాదు. పైషడ్జం అందటం లేదు, దమ్ము చాలటం లేదు. ఎందుకొచ్చిన అవస్థ? ఆ రికార్డు ఉన్నది గదా, అదే వింటాం. మా జ్ఞాపకాన్ని పాడుచేయవద్దు." రెండో పక్షంవారికి ఈ మాట చెవికి సోకితేనే కోపం వస్తుంది. "అంతటివారిని తప్పుపట్టటానికి నువ్వెవరు? వాళ్ళు నోరు తెరిస్తే చాలు, మా జన్మ ధన్యం" అంటారు. మొదటి పక్షం గాయకుణ్ణి ఇంటికి పంపిస్తుంది. రెండో పక్షం గుళ్ళో కూర్చోబెడుతుంది. పనిచేస్తున్న మనిషిగా ఆయన్ని చూసేవారు రెండు పక్షాల్లోనూ కనిపించరు.

మొదటి పక్షంవారి కొలబద్ద ఎక్కడిదో విచారించవలసి ఉన్నది. సినిమాపాట మన పల్లెలకు మనిషి నోటినుంచి రాలేదు, యంత్రంనుంచి వచ్చింది. గ్రామఫోను ప్లేటు ఒకవైపు మూడు నిమిషాలకు మించి తిరగదు గనక పాట మూడు నిమిషాలకు కుదించబడింది. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం ప్రారంభమయింది. 1952లో కేస్కర్ కేంద్ర సమాచారశాఖ మంత్రి అయినాక ఆకాశవాణి సినిమాపాటలకు దాదాపు తలుపులు మూసింది. జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టక తప్పలేదు. టూరింగు టాకీసూ, పంచాయితీ రేడియో, పెళ్ళిపందిట్లో మైకుసెట్టూ — కొల్లేటి లంకల్లోని శ్రోతకు గాయకుడంటే ఇవే. గాయకుడి మొహం అతడెరగడు. ఊపిరి అసలే ఎరగడు.

రికార్డు ఎట్లా తయారవుతుంది? నిశ్శబ్దమైన గదిలో, మంచి మైకు ముందు, గాయకుడికి అనువైన రోజున, తప్పుపోతే మళ్ళీ మళ్ళీ పాడించి, వచ్చినవాటిలో మేలైనదాన్ని నిలబెడతారు. అంటే మనం ఏళ్ళ తరబడి విని గుండెలో దాచుకున్నది ఒక మనిషి ఒక రోజు, అందరి సాయంతో, తన శక్తికి శిఖరాన ఉండగా చేసిన పని. అది అబద్ధమని నేననను. అది గొప్ప పనే. కాని దాన్ని కొలబద్దగా పెట్టుకుని, డెబ్బై అయిదేళ్ళ మనిషి వేలమంది ముందర నిలబడి ఒక్క విడతలో పాడినదాన్ని కొలవటం, నేలమీద నడిచేవాణ్ణి ఫొటోలోని తన యవ్వనంతో పరుగుపందెం పెట్టటంవంటిది. పైగా ఈ కొలబద్దలో మరొక తిరకాసు ఉన్నది. మన చెవిలో గుడికట్టుకున్న ఘంటసాల 1922లో పుట్టి 1974 ఫిబ్రవరి 11న యాభై ఒకటో ఏట కన్నుమూశాడు. డెబ్బై ఏళ్ళ ఘంటసాలను ఎవరూ వినలేదు. ముసలివాడు కావటానికి వ్యవధి దొరకని గొంతుతో, ముసలివారయ్యే భాగ్యమో దౌర్భాగ్యమో పట్టినవారిని పోల్చటం న్యాయం కాదు.

మన ప్రాంతానికి ఇంతకన్న పాతదీ, ఇంతకన్న ఆరోగ్యకరమైనదీ మరొక అలవాటు ఉన్నది. అది పద్యనాటకం వినే అలవాటు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడని పెద్ద ఊరు గోదావరి, కృష్ణా డెల్టాలలో ఉండదు. ఒక కంట్రాక్టరు ఒక్క రాత్రికి నాలుగు ఊళ్ళ నటులను కూర్చి నాటకం వేయించేవాడు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉండేవారు. ఇద్దరూ అదే పాత్ర ఎత్తుకుంటే ఎవరిది మేలో ప్రేక్షకులు తెల్లవారిందాకా కూర్చుని తేల్చుకునేవారు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి కృష్ణపాత్రధారులు నడివయసు దాటినాక కూడా కిరీటం పెట్టుకున్నారు. "ఈయన ముసలికృష్ణుడు, ఇంటికి పొమ్మనండి" అని ఎవరూ అనలేదు. అట్లాగని ఎవరినీ వదిలిపెట్టనూ లేదు. పద్యం బాగుంటే "వన్స్ మోర్" అన్నారు. రాగం సాగదీసి అర్థాన్ని మింగేస్తే అక్కడే చెప్పారు. నటుడి వయసు కాదు, పద్యం ఎత్తుకున్న తీరు వారికి ముఖ్యం. నిన్నటి పద్యం నేడు మరొకరకంగా వస్తుందని వారికి తెలుసు. అసలు దానికోసమే వచ్చేవారు. రికార్డు ఈ చెవిని కొంత చెడగొట్టిందని ఒప్పుకోక తప్పదు.

ఈ తగాదా మనకొక్కరికే ఉన్నదనుకోవద్దు. పాశ్చాత్య దేశాల రాక్ సంగీత బృందాల అభిమానులు ఏళ్ళ తరబడి ఇదే విషయమై తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. అందులో ఒక ఉదాహరణ మనకు చాలా పనికివస్తుంది. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లీషు బృందం తమ డ్రమ్ము వాద్యకారుడు జాన్ బోన్‌హామ్ మరణంతో 1980లో చెదిరిపోయింది. ఇథియోపియా కరువు బాధితులకోసం 1985 జులై 13న లండన్‌లోనూ ఫిలడెల్ఫియాలోనూ జరిగి, ప్రపంచమంతటా టెలివిజన్‌లో వచ్చిన లైవ్ ఎయిడ్ కచేరీలో మిగిలిన ముగ్గురూ మళ్ళీ కలిశారు. తగిన సాధన లేదు. కొత్తగా వచ్చిన డ్రమ్ము వాద్యకారులిద్దరికీ, పాతవారికీ పొత్తు కుదరలేదు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ గొంతు బొంగురుపోయి ఉన్నది. కచేరీ రసాభాస అయింది. 2004లో ఆ కార్యక్రమాన్ని డిస్కులుగా అమ్మినప్పుడు తమ భాగాన్ని చేర్చటానికి వారే ఒప్పుకోలేదు. అదే బృందం 2007 డిసెంబరు 10న లండన్‌లో, చనిపోయిన మిత్రుడి కొడుకు జేసన్‌ను డ్రమ్ములమీద కూర్చోబెట్టుకుని, ముందుగా బాగా సాధన చేసి మళ్ళీ పాడింది. విమర్శకులు మెచ్చుకున్నారు. మొదటిసారి ప్లాంట్‌కు ముప్పై ఆరేళ్ళు. రెండోసారి యాభై తొమ్మిది.

దీన్నిబట్టి ఏం తేలుతున్నది? ముప్పై ఆరో ఏట చెడినది యాభై తొమ్మిదో ఏట బాగుపడిందంటే, లోపం వయసులో లేదు. పని జరిగిన పరిస్థితుల్లో ఉన్నది. సాధనకు వ్యవధి ఇచ్చారా? శ్రుతి గాయకుడికి అనుకూలంగా ఉన్నదా? వాద్యకారులకు పాట తెలుసా? ఈ ప్రశ్నలు అడగకుండా "పాపం, ముసలివాళ్ళయిపోయారు" అని నిట్టూర్చేవాడు తెలిసో తెలియకో కార్యక్రమం అమ్ముకున్నవాణ్ణి నిర్దోషిగా వదిలేస్తున్నాడు.

శ్రుతి సంగతే తీసుకుందాం. వయసుతోపాటు స్వరతంతువుల బిగువు మారుతుంది, ఊపిరి నిలిచే వ్యవధి తగ్గుతుంది, స్త్రీల గొంతు సాధారణంగా మంద్రంవైపు దిగుతుంది. కర్ణాటక సంగీతంలో దీనికి ఏనాడో ఏర్పాటున్నది. ఎవరి శ్రుతి వారిది. అయిదు శ్రుతిలో పాడిన విద్వాంసురాలు వయసు మళ్ళినాక నాలుగుకు దిగితే సభలో ఎవరూ నొచ్చుకోరు. సినిమాపాటకు వచ్చేసరికి రికార్డు శ్రుతే వేదమయింది. శ్రుతి దించాలంటే వయొలిన్లవాళ్ళకూ వేణువువాడికీ స్వరపత్రం మళ్ళీ రాయాలి, మళ్ళీ సాధన చేయించాలి. దానికి పొద్దు పడుతుంది, డబ్బు పడుతుంది. ఆ డబ్బు మిగుల్చుకోవటానికి పెద్దామెను పాత శ్రుతిలో నిలబెడితే, ఆమె అందుకోలేక బాధపడుతున్న క్షణాన కెమెరా ఎదటి వరుసలో కళ్ళు తుడుచుకుంటున్నవారిమీదికి తిరుగుతుంది. పాటలో రావలసిన రసం ప్రేక్షకుడి కన్నీటిలో వచ్చినట్టు చూపిస్తారు. దీన్ని సన్మానమనటానికి నాకు నోరు రాదు.

దీనికి పూర్తిగా ఎదురైన మోసం మరొకటి ఉన్నది. ఈ కార్యక్రమాల్లో చాలాభాగం ముందుగా రికార్డు చేసి, తర్వాత ప్రసారం చేసేవి. స్వరం తప్పితే దాన్ని యంత్రంమీద సరిదిద్దవచ్చు. సరిదిద్దినదాన్ని "ప్రత్యక్షంగా పాడారు" అన్నట్టు చూపిస్తే, నిజంగా పాడినవాడి శ్రమకూ విలువ ఉండదు, నిజంగా విన్నవాడి చెవికీ విలువ ఉండదు.

అయితే టెలివిజన్ చేసినదంతా చెడే అనటం తొందరపాటు. 1996లో ఈటీవీలో ప్రారంభమయిన "పాడుతా తీయగా" కార్యక్రమాన్ని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన తీరు గుర్తుచేసుకోండి. పాట పాడించి చప్పట్లు కొట్టించటంతో ఆయన ఆగలేదు. రాసినదెవరో, స్వరపరిచినదెవరో చెప్పేవాడు. పదం ఎట్లా పలకాలో, ఏ గమకం ఎందుకు పడిందో పిల్లలకు విప్పిచెప్పేవాడు. పాట ఒక్కడి సొత్తు కాదనీ, పదిమంది కలిసి చేసిన పనిఅనీ లక్షలాది శ్రోతలకు మొదటిసారిగా తెలియజెప్పినది అటువంటి మాటలే. అదే ఈటీవీలో 2010 తర్వాత వచ్చిన "స్వరాభిషేకం" వేదికమీద పి. సుశీల వంటి పాతతరం గాయకులు మళ్ళీ కనిపించారు. 1935లో పుట్టిన సుశీల పేర 17,695 పాటలను 2016లో గిన్నిస్ పుస్తకం లెక్కకట్టింది. అంత పని చేసిన మనిషి ఎనభై ఏళ్ళకు దగ్గరై వేదిక ఎక్కితే గొంతు సన్నగిల్లి ఉండవచ్చు. కాని మాటను విరవకుండా స్వరంలో పొదగటం, భావాన్ని ఎక్కడ ఆపాలో అక్కడ ఆపటం ఊపిరితోపాటు పోయేవి కావు. విద్యార్థి నేర్చుకోవలసినది అక్కడున్నది. పైషడ్జం అందిందా లేదా అని మాత్రమే చూసేవాడు సంగీతాన్ని ఎత్తుదూకే పోటీ అనుకుంటున్నాడు.

మానుకునే హక్కు కూడా కళాకారుడిదే. ఎస్. జానకి 2016లో సినిమాపాటకు విరమణ ప్రకటించింది. 2013లో పద్మభూషణ్ ఇవ్వబోతే, ఆలస్యంగా ఇస్తున్నారని నిరాకరించింది కూడా. ఎప్పుడు ఆపాలో, దేన్ని తీసుకోవాలో ఆమె తేల్చుకున్నది. మరొకరు ఎనభై ఏళ్ళకు కూడా పాడతామంటే వారి తీర్పూ అంతే గౌరవించదగినది. ఈ తీర్పు అభిమానులదీ కాదు, ప్రకటనలిచ్చే కంపెనీలదీ కాదు.

ఇప్పుడు రెండో పక్షంవారి సంగతి. పెద్దవారిని విమర్శించరాదనటం చూడటానికి గౌరవంలాగానే ఉంటుంది. కాని విమర్శకు అందనంత ఎత్తున కూర్చోబెట్టటమంటే, "నువ్విక ఏం చేసినా ఒకటే" అని చెప్పటమే. అది పసిపిల్లవాడితో ఆడే మాట. నలభై ఏళ్ళు స్వరానికి స్వరం లెక్క అప్పజెప్పిన మనిషికి అంతకన్న అవమానమేమున్నది? "పల్లవి అద్భుతంగా ఎత్తుకున్నారు; రెండో చరణంలో శ్రుతి దించి ఉంటే ఇంకా బాగుండేది" అని చెప్పగలిగినవాడు ఆ గాయకుణ్ణి ఇంకా గాయకుడుగా గుర్తిస్తున్నాడు. శ్రోత భక్తుడుగా మారిన క్షణాన కళాకారుడు విగ్రహంగా మారతాడు. విగ్రహానికి జీతం ఇవ్వనక్కర్లేదు. ఉత్సవం చేస్తే చాలు, హుండీ మరొకరిది.

హుండీ అనగానే అసలు విషయానికి వచ్చాం. పాత పాట మళ్ళీ పాడినప్పుడు డబ్బు ఎవరికి పోతుంది? 1957 నాటి కాపీరైటు చట్టం కింద, వేరే ఒప్పందం లేకపోతే సినిమాకోసం డబ్బిచ్చి చేయించుకున్న పాటమీద హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. కవి రాసి ఇచ్చాడు, స్వరకర్త కట్టి ఇచ్చాడు, గాయకుడు పాడి వెళ్ళాడు, అంతటితో సరి. హిందీ సీమలో 1960లలో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ కావాలంటే, మహమ్మద్ రఫీ తీసుకున్న ఫీజుతో మన హక్కు తీరిందన్నాడు. ఇద్దరూ కొన్నేళ్ళు కలిసి పాడనేలేదు. 2012లో చట్టాన్ని సవరించి కవులకూ స్వరకర్తలకూ వదులుకోవటానికి వీలులేని రాయల్టీ వాటా ఏర్పరిచారు. గాయకుల వంటి ప్రదర్శకులకు కూడా హక్కు చెప్పారు.

తర్వాత 2017లో ఏమయిందో అందరికీ తెలుసు. బాలసుబ్రహ్మణ్యం తన యాభై ఏళ్ళ గానజీవితాన్ని పురస్కరించుకుని విదేశాల్లో కచేరీలు చేస్తుంటే, తన అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని ఇళయరాజా నోటీసు పంపించాడు. అభిమానులు రెండుగా చీలి ఒకరినొకరు తిట్టిపోసుకున్నారు. ఒకరికి గాయకుడు దేవుడు, మరొకరికి స్వరకర్త దేవుడు. నా మటుకు నాకు ఇళయరాజా కోరినదాంట్లో న్యాయం కనిపిస్తుంది, బాలసుబ్రహ్మణ్యం పడ్డ బాధలో కూడా న్యాయం కనిపిస్తుంది. ఇద్దరూ పనిచేసి ఆ పాటకు ప్రాణం పోసినవాళ్ళే. విచిత్రమేమంటే, ఆ తగాదా జరిగినన్నాళ్ళూ ఆ పాటల్లో వయొలిన్ వాయించినవారి ఊసు, తబలా వాయించినవారి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. ఆనాటి పూటకూలితోనే వారి లెక్క మూసేశారు. ఇద్దరు కళాకారులు తగాదాపడుతుంటే జనం ఈలలు వేసి చూడటానికి ఇది కోడిపందెం కాదు. ప్రతి ప్రదర్శనకూ, ప్రతి పునఃప్రసారానికీ ఎవరి వాటా ఎంత అన్నది పైకి చెప్పించటమే శ్రోతలు అడగవలసినది.

"పాత గొంతు మాకొద్దు, యవ్వనంలోని గొంతే కావాలి" అనే కోరికకు పెట్టుబడి ఈసరికే జవాబు తయారుచేసింది. స్వీడన్‌కు చెందిన ఆబ్బా బృందంలో నలుగురూ డెబ్బై దాటినవారు. 2022 మేనుంచి లండన్‌లో వారి బదులు యవ్వనంలోని వారి వెలుగుబొమ్మలు వేదికమీద పాడుతున్నాయి. అక్కడ ఆ నలుగురూ బతికి ఉండి, ఒప్పుకుని, ఆ బొమ్మలకు తమ కదలికలను తామే ఇచ్చారు. మన సంగతి చూడండి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న చనిపోయాడు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును యంత్రంచేత పుట్టించి వాడుకున్నారని, తమ అనుమతి తీసుకోలేదని కుటుంబంవారు 2024 జనవరిలో నోటీసు ఇచ్చారు. అదే సంవత్సరం ఒక తమిళ సినిమాలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఎ.ఆర్. రహమాన్ యంత్రంతో పలికించాడు; వారి కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామన్నాడు. అనుమతి ఉన్నదా లేదా అన్నది పెద్ద తేడాయే. కాని దారి మాత్రం ఎటు పోతున్నదో చూడండి. ముసలితనం లేని, సాధన అడగని, రాయల్టీకి పేచీపెట్టని గాయకుడు! పెట్టుబడి ఎంతకాలంగానో కలలుగంటున్న కూలివాడు వీడే. "ముసలిగొంతు మా జ్ఞాపకాన్ని పాడుచేస్తున్నది" అనే అభిమాని తెలియకుండానే వీడికి పీట వేస్తున్నాడు.

చివరగా, మన ఇంటి సంగతి. టెలివిజన్ తెరమీదికి మళ్ళీ వచ్చేవారు ఒకప్పుడు రికార్డు కెక్కినవారు. రికార్డే కెక్కనివారి మాటేమిటి? 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది మొదలు ఎన్ని బుర్రకథ దళాలు ఈ డెల్టా ఊళ్ళల్లో తిరిగాయి! షేక్ నాజర్ 1986లో పద్మశ్రీ అందుకుని 1997లో వెళ్ళిపోయాడు గనక ఆయన పేరు నిలిచింది. ఆయన పక్కన వంతపాడినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో జనం పడవలకొద్దీ వచ్చేవారు. వలలాగుతూ, నాట్లు వేస్తూ పాడిన పాటలు ఈ నేలమీద పుట్టినవి. 1999లో కొల్లేటిని అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేల అన్నారు. 2006లో చేపలచెరువుల గట్లు పగలగొట్టారు. పక్షులను లెక్కపెట్టినవారున్నారు, గట్లను లెక్కపెట్టినవారున్నారు. అక్కడి ముసలివాళ్ళ నోట మిగిలిన పాటలను లెక్కపెట్టే పని ఇంకా మిగిలే ఉన్నది. కొల్లేటి కాపురం అని సామెతగా చెప్పుకునే ఆ బతుకులో పాట కూడా ఒక భాగమేనని మనకు తట్టకపోవటం విచారకరం.

అంచేత విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ వాదాన్ని వదిలిపెట్టవద్దు. దాని ముఖం తిప్పండి. టెలివిజన్‌లో పాత గాయకుడు పాడితే, అదే పాట రికార్డునూ పక్కన పెట్టుకుని తరగతిలో వినిపించండి. ఏది పోయిందో, ఏది నిలిచిందో, ఏది కొత్తగా వచ్చిందో పిల్లలచేత చెప్పించండి. శ్రుతి ఎందుకు మార్చలేదని, వాద్యకారుల పేర్లు ఎందుకు చూపలేదని, యంత్రంతో సరిదిద్దారా అని కార్యక్రమం వేసినవారికి ఉత్తరాలు రాయండి. సెలవుల్లో మీ ఊళ్ళోని పద్యనటుడి దగ్గరికి, బుర్రకథ వంతదారు దగ్గరికి, నాట్లపాటలు తెలిసిన అవ్వ దగ్గరికి వెళ్ళండి. వారి అనుమతితో, వారికి ప్రతిఫలమిచ్చి, వారికి అనువైన శ్రుతిలో పాడించి దాచండి. వారి గొంతు వణికితే దాన్ని సరిదిద్దవద్దు. కింద వారి పేరు రాయండి.